పొట్ట మీద చెయ్యి పెట్టి చూడటం ఎక్కడ నేర్చుకుంటారు? ఫ్రెండ్ మీదా, బొమ్మ మీదా, పేషెంట్ మీదా

హాస్పిటల్ వార్డులో ఎప్పుడైనా మంచం పక్కన కూర్చున్నవాళ్ళకి ఈ సీన్ తెలిసే ఉంటుంది. తెల్లకోట్లు వేసుకున్న ఆరుగురు స్టూడెంట్స్ ఒక మంచం చుట్టూ నిలబడతారు, ఒకడు పేషెంట్ పొట్ట మీద చెయ్యి పెట్టి సీలింగ్ వైపు చూస్తుంటాడు (ఆన్సర్ అక్కడ రాసున్నట్టు), మిగతా ఐదుగురూ వాడి చెయ్యి వైపు చూస్తుంటారు, వెనకాల నుంచి సీనియర్ డాక్టర్ "ఏం తగిలింది?" అంటారు. "లివర్ సార్" అంటాడు వాడు. నిజంగానే తగిలిందా, తగలాలి కాబట్టి తగిలిందా అన్నది వాడికే డౌటు.

ఈ సీన్ చూసినప్పుడు బయటివాళ్ళకి రెండు ప్రశ్నలొస్తాయి. స్కాన్లు ఇన్ని వచ్చాక ఇంకా ఈ నొక్కడాలు తట్టడాలు ఎందుకు? నేర్చుకోడానికి నా ఒళ్ళే దొరికిందా? లోపలివాళ్ళకి, అంటే స్టూడెంట్స్‌కి, టీచర్లకి ఇంకో గొడవ ఉంది: ఇదంతా స్కిల్స్ ల్యాబ్‌లో బొమ్మల మీద నేర్పించేయొచ్చు కదా అని ఒక వర్గం, వార్డులో నిలబడకుండా డాక్టర్ అవ్వడు అని ఇంకో వర్గం. ఈ వాదనలు ఏళ్ళ తరబడి తెగకపోవడానికి ఒక కారణం ఏంటంటే "హ్యాండ్స్-ఆన్ ట్రైనింగ్" అనే ఒక్క మాట కింద అందరూ వేరేవేరే పనుల గురించి మాట్లాడుకుంటున్నారు. ముందు వాటిని విడదీసి చూస్తే మిగతాది కాస్త తేలికవుతుంది.

అసలు క్లినికల్ ఎగ్జామినేషన్ అంటే ఏంటి

పేషెంట్ చెప్పేది సింప్టమ్: నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం. డాక్టర్ తనంతట తాను కనిపెట్టేది సైన్: వాపు, పసుపు తిరిగిన కళ్ళు, గుండెలో వినపడే అదనపు శబ్దం. సింప్టమ్స్ అడిగి తెలుసుకోవడాన్ని హిస్టరీ తీసుకోవడం అంటారు, సైన్లు వెతకడమే ఎగ్జామినేషన్. ఆ వెతకడంలో క్లాసిక్‌గా నాలుగు పద్ధతులు, చూడటం, చేత్తో తాకి చూడటం, వేళ్ళతో తట్టి చూడటం, స్టెత్ పెట్టి వినడం. ఇన్‌స్పెక్షన్, పాల్పేషన్, పర్కషన్, ఆస్కల్టేషన్ అని స్టూడెంట్స్ మొదటి వారంలోనే బట్టీ పట్టేది ఇదే.

ఇవి వైద్యం పుట్టినప్పటినుంచీ ఉన్నవని చాలామంది అనుకుంటారు గానీ వీటిలో రెండు చరిత్ర లెక్కలో ఈమధ్యవే. తట్టి చూడటం గురించి ఔఎన్‌బ్రుగ్గర్ అనే ఆస్ట్రియన్ డాక్టర్ 1761లో పుస్తకం రాశాడు, ఆయన తండ్రికి సత్రం ఉండేదట, వైన్ పీపాల మీద తట్టి ఎంతవరకు నిండి ఉందో చూసే అలవాటునే మనిషి ఛాతీ మీదకి తెచ్చాడని చెప్తుంటారు. పుస్తకాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 1808లో కోర్విసార్ ఫ్రెంచ్‌లోకి అనువదించాక గానీ అది అందరికీ చేరలేదు. స్టెత్ సంగతికొస్తే 1816లో పారిస్‌లో లెనెక్ ఒక అమ్మాయి గుండె వినాల్సి వచ్చి, ఛాతీకి చెవి ఆనించడం బాగోదని, కాగితాలు గొట్టంలా చుట్టి విన్నాడు. అంటే స్టెత్ పుట్టిందే కొంత మొహమాటం వల్ల. పేషెంట్ సౌకర్యం, డాక్టర్ అవసరం, ఈ రెండింటి మధ్య లాగుడు అప్పటికే ఉంది, ఈ సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

ఒక్క లివర్ చూడటంలో మూడు వేరువేరు పనులు

లివర్ కుడివైపు పక్కటెముకల వెనకాల దాక్కుని ఉంటుంది. పేషెంట్ లోపలికి గాలి పీల్చినప్పుడు డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కిందకి దిగుతూ లివర్‌ని కూడా కిందకి నెడుతుంది. అందుకే చెయ్యి కదలకుండా పెట్టి పేషెంట్‌ని ఊపిరి పీల్చమంటారు, లివర్ అంచే వచ్చి వేళ్ళకి తగలాలి. మనం వెళ్ళి దాన్ని పొడవకూడదు.

మొదటిసారి చేసే స్టూడెంట్ దాదాపు ఎప్పుడూ చేసే తప్పు ఏంటంటే, లివర్ పక్కటెముకల కింద ఉంటుందని చదివాడు కాబట్టి నేరుగా పక్కటెముకల అంచు దగ్గరే చెయ్యి పెడతాడు. లివర్ బాగా పెరిగి బొడ్డు దాకా వచ్చేసి ఉందనుకోండి, అప్పుడు వాడి చెయ్యి లివర్ మీదే ఉంటుంది, అంచు ఎక్కడో కింద ఉంటుంది, వాడికేమో అంతా ఒకేలా గట్టిగా తగులుతుంది, "నార్మల్ సార్" అంటాడు. అంటే చిన్నగా పెరిగిన లివర్ దొరికే ఛాన్సుంది గానీ భారీగా పెరిగింది మిస్సవుతుంది, అదీ తమాషా. అందుకే కింద కుడి తుంటి పక్క నుంచి మొదలుపెట్టి ఒక్కో ఊపిరికి కొంచెం కొంచెం పైకి రావాలి అని నేర్పిస్తారు. ఇదంతా చెయ్యి పని, టెక్నిక్ అన్నమాట.

సరే, చెయ్యి సరిగ్గా పెట్టాడు, ఏదో వచ్చి తగిలింది. అది లివర్ అంచా, పొట్ట కండరమా, పేగులో గట్టిపడిన మలమా? పేషెంట్ భయపడి పొట్ట బిగిస్తే కండరం కూడా అంచులాగే తగులుతుంది. ఇది పోల్చుకోవడం, ఎన్నో పొట్టలు చూస్తే గానీ రాదు.

అదీ దాటాడు, అది లివరే, రెండు వేళ్ళ మేర కిందకి తగులుతోంది. అయితే లివర్ పెరిగినట్టేనా? కాదు, ఆ పేషెంట్‌కి ఎంఫిసీమా అనే ఊపిరితిత్తుల జబ్బు ఉంటే ఊపిరితిత్తులు ఉబ్బిపోయి మామూలు సైజు లివర్‌నే కిందకి తోసేస్తాయి. తేల్చడానికి పైనుంచి తట్టుకుంటూ వచ్చి లివర్ పై అంచు ఎక్కడ మొదలైందో చూడాలి, అది కూడా కిందకి జరిగి ఉంటే లివర్ పెరగలేదు, జారింది. ఇది మూడో పని, దొరికినదాన్ని బట్టి ఆలోచించడం.

చెయ్యి, గుర్తింపు, ఆలోచన. హ్యాండ్స్-ఆన్ అనగానే మనకి మొదటిదే గుర్తొస్తుంది గానీ నిజానికి చెయ్యి తిరగడం వీటన్నిటిలోకీ తొందరగా వచ్చేది, రెండు మూడు రోజుల ప్రాక్టీస్‌తో సగం వచ్చేస్తుంది. రెండోది నెలలు పడుతుంది, మూడోదానికి ఇంతకాలం అని లేదు.

చెవికి, వేలికి గుర్తుపట్టడం ఎలా వస్తుంది

పర్కషన్‌లో ఎడమచేతి మధ్యవేలు ఒంటికి గట్టిగా ఆనించి, మిగతా వేళ్ళు కాస్త లేపి, కుడిచేతి మధ్యవేలితో మణికట్టు నుంచి టకటకా కొట్టి వెంటనే వేలు తీసేయాలి. వచ్చే శబ్దాలు ఎలా ఉంటాయో తెలియాలంటే ఎవరి ఒంటి మీద వాళ్ళు కొట్టుకుని వినొచ్చు: ఛాతీ మీద కొడితే కింద గాలి నిండిన ఊపిరితిత్తి కాబట్టి బోలుగా మోగుతుంది, దాన్ని రెజొనెంట్ అంటారు, తొడ మీద కొడితే చప్పగా టప్ అని ఆగిపోతుంది, అది డల్, బుగ్గలు పూరించి కొడితే డప్పులాగా మోగుతుంది, అది టింపానిక్. ఇంకో విషయం, డల్ అనేది చెవికి వినపడటమే కాదు ఆనించిన వేలికి కూడా తెలుస్తుంది, గట్టి గోడ మీద కొట్టినట్టు. చెవికంటే వేలే ముందు పట్టేస్తుందని అనుభవం ఉన్నవాళ్ళు అంటుంటారు.

ఇప్పుడు కుడి ఊపిరితిత్తి కింది భాగంలో డల్ వచ్చిందనుకుందాం. కనీసం రెండు అర్థాలున్నాయి, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి ఉండొచ్చు లేదా న్యుమోనియా వల్ల ఊపిరితిత్తే గట్టిపడి ఉండొచ్చు. శబ్దం ఒక్కదాన్ని పట్టుకుని తేల్చడం కష్టం. అందుకే వీపు మీద అరచెయ్యి పెట్టి పేషెంట్‌ని "నైంటీ నైన్" అనమంటారు. గొంతు అదురు గట్టిపడిన ఊపిరితిత్తి గుండా బాగా వస్తుంది, నీటి పొర అడ్డం ఉంటే తగ్గిపోతుంది. సో డల్ ప్లస్ అదురు ఎక్కువ అంటే న్యుమోనియా వైపు, డల్ ప్లస్ అదురు తక్కువ అంటే నీరు వైపు మొగ్గుతారు. విడిగా చూస్తే ఒక్కో సైన్ బలహీనమే, జతగా చూస్తేనే దానికి కాస్త బలం వస్తుంది, స్టూడెంట్స్‌కి చెక్‌లిస్ట్‌లా నేర్పించినప్పుడు జారిపోయేది సరిగ్గా ఈ ముడే.

గుండె శబ్దాలు ఇంకా కష్టం. అమెరికాలో 1997లో వచ్చిన ఒక స్టడీలో ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లకి, స్టూడెంట్స్‌కి పన్నెండు రకాల గుండె శబ్దాల రికార్డింగ్స్ వినిపిస్తే వాళ్ళు సరిగ్గా గుర్తుపట్టింది దాదాపు 20 శాతమే. ఇది చూసి ఈ తరం పాడైపోయిందని తిట్టినవాళ్ళు చాలామందే. ఆ తర్వాత 2004లో ఇంకో స్టడీ వచ్చింది, నాలుగు ప్రాథమిక మర్మర్స్‌ని (గుండెలో వినపడే అదనపు శబ్దాలని) ఒక్కోటి 500 సార్లు స్టూడెంట్స్‌కి వినిపించారు, గుర్తుపట్టడం బాగా మెరుగైంది. ఐదొందల సార్లు! వార్డులో ఒక స్టూడెంట్‌కి ఒక మర్మర్ ఐదొందల సార్లు వినే వీలు ఏ కాలంలోనూ లేదు, అది రికార్డింగ్ వల్లే సాధ్యం. అంటే "పేషెంట్ దగ్గరే నేర్చుకోవాలి" అనే మాట గుర్తింపు విషయంలో పూర్తిగా నిజం కాదు. కానీ హెడ్‌ఫోన్స్‌లో గుర్తుపట్టినవాడు పక్క బెడ్డు గోల మధ్య, ఆయాసపడుతున్న మనిషి ఛాతీ మీద అదే శబ్దం గుర్తుపడతాడా అంటే, అది వేరే ప్రశ్న.

నేర్చుకునే చోట్లు నాలుగు, ఒక్కోచోట ఒక్కోటే దొరుకుతుంది

మొదటిది క్లాస్‌మేట్. ఒకరి మీద ఒకరు ప్రాక్టీస్ చేయడం. చులకనగా తీసుకుంటారు గానీ దీని లాభం పెద్దది, నార్మల్ ఎలా ఉంటుందో ఒంటికి పట్టేది ఇక్కడే. నార్మల్ గుండె వంద సార్లు వినని చెవికి అబ్నార్మల్ ఏంటో ఎలా తెలుస్తుంది? పైగా తన పొట్ట మీద ఎవడో గోళ్ళతో పొడిస్తే ఎలా ఉంటుందో కూడా తెలుస్తుంది. ఇబ్బందులూ ఉన్నాయి, చొక్కా విప్పమంటే అందరికీ ఇష్టం ఉండదు, గ్రూప్ ప్రెజర్‌లో కాదనలేరు, ఒక్కోసారి ఫ్రెండ్ మెడలో ఎవరూ అనుకోని గడ్డ దొరుకుతుంది, అప్పుడు ఆ విషయం ఎవరు ఎలా చెప్పాలి అన్నది ముందే అనుకుని ఉండాలి.

రెండోది బొమ్మ, అదే మానెకిన్ లేదా సిమ్యులేటర్. సీపీఆర్ నేర్పించడానికి రెససీ ఆన్ అనే బొమ్మ 1960లో వచ్చింది, తయారుచేసింది నార్వేలో బొమ్మలు చేసుకునే లేర్డల్. గుండె జబ్బుల సిమ్యులేటర్ హార్వీ 1968లో మయామీ యూనివర్సిటీ నుంచి వచ్చింది, అందులో నాడి, మెడ నరం అదురు, గుండె శబ్దాలు అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా కదులుతాయి. బొమ్మకి నొప్పి ఉండదు, విసుగుండదు, అరుదైన జబ్బు కూడా బటన్ నొక్కితే వస్తుంది, అర్ధరాత్రి కూడా ప్రాక్టీస్ చేయొచ్చు. అయితే బొమ్మ పొట్ట బిగించదు, ఊపిరి పీల్చమంటే వినిపించుకోదు, అందరి లివరూ ఒకే గట్టిదనంతో ఒకేచోట తగులుతుంది. బొమ్మ మీద బాగా చేసేవాడు బొమ్మ మీద బాగా చేస్తాడు, అక్కడినుంచి మనిషి దాకా ఎంత వస్తుందన్నది ఏ స్కిల్ అన్నదాన్ని బట్టి మారుతుంది. సీపీఆర్ లాంటి వాటికి చాలా వరకు వస్తుంది, పొట్ట పరీక్షకి అంత రాదు.

మూడోది పేషెంట్‌గా నటించే మనిషి. 1963లో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్ట్ దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఒకామెకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బున్న పేషెంట్‌లా, కాళ్ళు పడిపోయినట్టు నటించడం నేర్పించి స్టూడెంట్స్ ముందు కూర్చోబెట్టాడు. అప్పట్లో నవ్వారు, ఇప్పుడు అదే చాలా దేశాల్లో మామూలు పద్ధతి. వీళ్ళు మెడ బిగుసుకుపోయినట్టు, కడుపు నొక్కి వదిలినప్పుడు నొప్పి వచ్చినట్టు, చెయ్యి బలం తగ్గినట్టు నటించగలరు. మర్మర్ నటించలేరు, లివర్ పెంచుకోలేరు. కానీ బొమ్మా, అసలు పేషెంటూ ఇద్దరూ ఇవ్వలేనిది ఒకటి వీళ్ళిస్తారు: పరీక్ష అయిపోయాక "నువ్వు నా మొహం వైపు ఒక్కసారీ చూడలేదు" అని చెప్పగలరు.

నాలుగోది అసలు పేషెంట్. స్టూడెంట్స్‌ని లెక్చర్ హాలు నుంచి మంచం దగ్గరకి నడిపించిన పేరు ఎక్కువగా జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసిన విలియం ఆస్లర్‌కి వెళ్తుంది, 1893లో అక్కడ మెడికల్ స్కూల్ మొదలైంది. పేషెంట్ దగ్గర మూడు పనులూ ఒకేసారి కలిసొస్తాయి, అదే బలం, అదే కష్టం కూడా. అప్పుడు నాటకం నడవదు, పేషెంట్ మొదట మాట్లాడేది తన కడుపు నొప్పి గురించి కాదు, ఇంటికి ఎప్పుడు పంపిస్తారు అన్నదాని గురించి. ఇంకో చిక్కు ఏంటంటే ఆస్లర్ కాలంలో జనం వారాల తరబడి హాస్పిటల్‌లో ఉండేవాళ్ళు, ఇప్పుడు వీలైనంత తొందరగా ఇంటికి పంపించేస్తారు, ఉన్నవాళ్ళు బాగా సీరియస్‌గా ఉంటారు, కాబట్టి మంచి సైన్లు ఉండి, ఓపికగా పడుకోగలిగి, ఒప్పుకునే పేషెంట్ దొరకడమే కష్టమైపోయింది.

నాలుగింటిలో ఎక్కడ నేర్చుకున్నా ఒకటి లేకపోతే మాత్రం ఫలితం ఉండదు, పక్కన నిలబడి చూసి తప్పు చెప్పేవాళ్ళు. "ఒకసారి చూడు, ఒకసారి చెయ్యి, ఇంకొకరికి నేర్పు" అనే పాత పద్ధతిలో లోపం అదే, మొదటి రోజు తప్పుగా పడిన వేలు పదేళ్ళు తప్పుగానే పడుతుంది, పైగా అదే జూనియర్లకి వెళ్తుంది. పేటన్ అనే సర్జన్ పేరుమీద ఉన్న నాలుగు మెట్ల పద్ధతి దీనికి ఒక జవాబు: టీచర్ మాట్లాడకుండా మామూలు స్పీడ్‌లో చేసి చూపిస్తారు, తర్వాత ఒక్కో అడుగూ వివరిస్తూ మళ్ళీ చేస్తారు, మూడోసారి స్టూడెంట్ చెప్తుంటే టీచర్ చేస్తారు, నాలుగోసారి స్టూడెంటే చెప్తూ చేస్తాడు. మూడో మెట్టే అసలు కిటుకు అనిపిస్తుంది నాకు, ఎందుకంటే నోటితో చెప్పలేకపోయిన అడుగు చేత్తో కూడా రాదని అక్కడే బయటపడుతుంది.

పరీక్ష పెట్టడమే ఒక పెద్ద తలనొప్పి

పాత పద్ధతిలో స్టూడెంట్‌కి ఒక పేషెంట్‌ని ఇచ్చి గంట టైమ్ ఇచ్చి తర్వాత ఎగ్జామినర్ ప్రశ్నలడిగేవారు. లాంగ్ కేస్ అంటే ఇదే. ఎవరికి ఏ కేస్ పడుతుందో అదృష్టం, ఎగ్జామినర్ మూడ్ ఇంకో అదృష్టం, పైగా స్టూడెంట్ పేషెంట్‌ని చూస్తున్నప్పుడు ఎగ్జామినర్ చాలాసార్లు అక్కడ ఉండేవారే కాదు. ఫైల్ తొంగి చూసి "లివర్ తగిలింది" అన్నా తెలిసేది కాదు.

దీనికి మందుగా 1975లో స్కాట్లండ్‌లోని డండీ నుంచి రోనాల్డ్ హార్డెన్ బృందం ఓస్కీ అనే పరీక్ష పద్ధతి తెచ్చింది. ఒక వరుసలో స్టేషన్లు, ఒక్కో స్టేషన్‌కి కొన్ని నిమిషాలు, బెల్ కొడితే పక్కదానికి మారాలి, అందరికీ అవే కేసులు, అదే చెక్‌లిస్ట్. న్యాయంగా ఉందని ప్రపంచమంతా తీసుకున్నారు. 1990లో జార్జ్ మిల్లర్ గీసిన పిరమిడ్‌లో దీని స్థానం కూడా తేలికగా అర్థమవుతుంది: అడుగున తెలుసు, దాని పైన ఎలాగో తెలుసు, దాని పైన చేసి చూపిస్తాడు, అన్నిటికంటే పైన నిజంగా రోజూ చేస్తాడు. రాతపరీక్ష కింది రెండింటికి, ఓస్కీ మూడోదానికి. నాలుగోదానికి వార్డులో రోజూ గమనించడం తప్ప దారి లేదు.

ఓస్కీ మీద విమర్శ కూడా గట్టిదే. చెక్‌లిస్ట్‌లో టిక్ పడేది "చేతులు కడుక్కున్నాడు, పేరు చెప్పాడు, నాలుగు చోట్ల స్టెత్ పెట్టాడు" లాంటివాటికి, స్టెత్‌లో ఏం విన్నాడో ఎవరికి తెలుసు. స్టెత్ చెవిలో పెట్టుకోవడం మర్చిపోయి కూడా నాలుగు చోట్లా పెట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్ళ జోకులు స్టూడెంట్స్‌లో తిరుగుతుంటాయి. 1999లో వచ్చిన ఒక స్టడీలో అనుభవం ఉన్న డాక్టర్లకి చెక్‌లిస్ట్ మార్కులు కొత్తవాళ్ళకంటే తక్కువొచ్చాయి, కారణం ఏంటంటే వాళ్ళు అన్నీ అడగరు, రెండు ముఖ్యమైనవి చూసి దారి మార్చేస్తారు. అందుకే ఇప్పుడు చాలాచోట్ల టిక్కులతో పాటు "మొత్తమ్మీద ఎలా చేశాడు" అని ఎగ్జామినర్ అంచనాకి కూడా మార్కులుంటాయి. అంటే తీసేసిన ఎగ్జామినర్ అభిప్రాయాన్నే కాస్త కట్టుబాట్లతో వెనక్కి తెచ్చారు.

అమెరికాలో లైసెన్స్ పరీక్షల్లో స్టెప్ 2 సీఎస్ అని ఇలాంటిదే ఒకటి ఉండేది, 2004లో మొదలై, కోవిడ్‌తో 2020లో ఆగి, 2021 జనవరిలో పూర్తిగా రద్దయింది. ఖర్చెక్కువ, దేశం మొత్తానికి ఐదు ఊళ్ళలోనే సెంటర్లు, అక్కడి స్టూడెంట్స్‌లో చాలా ఎక్కువమంది ఎలాగూ పాసవుతారు, ఇంత హంగామా ఎందుకు అన్నది రద్దు కోరినవాళ్ళ మాట. పరీక్షలో లేనిదాన్ని కాలేజీలు నేర్పించడం మానేస్తాయి, స్టూడెంట్స్ చదవడం మానేస్తారు అన్నది అవతలివాళ్ళ భయం. రెండు మాటల్లోనూ నిజం ఉంది, ఎందుకంటే ఒకరు పరీక్ష ఏం కొలుస్తోంది అని చూస్తున్నారు, ఇంకొకరు పరీక్ష ఉండటం వల్ల జనం ఏం చేస్తున్నారు అని చూస్తున్నారు.

స్కాన్ ఉన్నాక చెయ్యి ఎందుకు: ఒక లెక్క

దీన్ని భావోద్వేగంతో కాకుండా అంకెలతో చూద్దాం. పొట్టలో నీరు చేరిందా అని అనుమానం ఉన్న 100 మంది వచ్చారు, అందులో నిజంగా 30 మందికి నీరుంది అనుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి పెట్టుకున్న అంకెలు. ఒక సైన్ షిఫ్టింగ్ డల్‌నెస్, అంటే పేషెంట్ పక్కకి తిరిగితే డల్ చోటు మారడం. అది నీరున్నవాళ్ళలో 80 శాతం మందిలో కనపడుతుంది, లేనివాళ్ళలో కూడా 40 శాతం మందిలో తప్పుగా కనపడుతుంది అనుకోండి. నీరున్న 30లో 24 మందికి పాజిటివ్, లేని 70లో 28 మందికి పాజిటివ్. మొత్తం 52 పాజిటివ్‌లో నిజం 24, సగం కూడా కాదు. నెగెటివ్ వచ్చిన 48 మందిలో మాత్రం నీరున్నది 6గురికే. అంటే ఈ సైన్ "ఉంది" అంటే నమ్మకు, "లేదు" అంటే కొంచెం నమ్ము.

రెండో సైన్ ఫ్లూయిడ్ థ్రిల్, ఒక పక్క తడితే అల అవతలి పక్క చేతికి తగలడం. నీరున్నవాళ్ళలో 60 శాతం మందిలోనే దొరుకుతుంది, లేనివాళ్ళలో 10 శాతం మందిలోనే తప్పుగా వస్తుంది అనుకుందాం. 18 మంది నిజం, 7గురు తప్పు, 25 పాజిటివ్‌లో 18 నిజం, 72 శాతం. ఇది "ఉంది" అంటే బలం, దొరకలేదంటే 75 మందిలో ఇంకా 12 మందికి నీరుంది.

దీన్నిబట్టి రెండు పక్షాలూ ఎక్కడ నిలబడ్డాయో కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్ పెడితే చాలా తక్కువ నీరు కూడా కనపడుతుంది, జేబులో పట్టే మెషీన్లు వచ్చాయి, చాలా మెడికల్ స్కూళ్ళు మొదటి ఏడాదే ప్రోబ్ (ఒంటికి ఆనించే స్కాన్ పరికరం) చేతికిస్తున్నాయి, ఇంత బలహీనమైన సైన్ల మీద స్టూడెంట్ టైమ్ ఎందుకు అని ఒక పక్షం. అవతలి పక్షం అంటుంది, స్కాన్ ఎవరికి చేయాలి, ఎక్కడ పెట్టాలి, ఎంత తొందరగా చేయాలి అని నిర్ణయించేది చెయ్యే కదా, ఆ 100లో 30 అనే మొదటి అంకె ఎక్కడినుంచి వచ్చింది? హిస్టరీ, ఎగ్జామినేషన్ నుంచే. ప్రోబ్ పట్టుకోవడం కూడా మళ్ళీ చెయ్యి, గుర్తింపు, ఆలోచన అవే మూడూ నేర్చుకోవాల్సిన పనే, నేర్చుకోనివాడి చేతిలో తప్పుడు ధైర్యం ఇస్తుంది.

ఇంకో పాత స్టడీ ఇద్దరికీ కాస్త చురక పెడుతుంది. 1975లో బ్రిటన్‌లో ఔట్‌పేషెంట్‌కి కొత్తగా వచ్చిన 80 మందిని గమనిస్తే 66 మందిలో రిఫరల్ లెటర్, హిస్టరీతోనే చివరి డయాగ్నోసిస్ తేలిపోయింది, ఎగ్జామినేషన్ మార్చింది 7గురిలో, టెస్టులు మార్చింది ఇంకో 7గురిలో. చెయ్యా, స్కానా అని కొట్టుకుంటుంటే అసలు పని నోరు చేసిపెట్టింది. మరి ఎగ్జామినేషన్ వదిలేయొచ్చా? 2015లో ఎగ్జామినేషన్ లోపం వల్ల జరిగిన పొరపాట్ల గురించి డాక్టర్లు చెప్పిన 208 సంఘటనలు పోగుచేసి చూస్తే 63 శాతంలో కారణం ఎగ్జామినేషన్ తప్పుగా చేయడం కాదు, అసలు చేయకపోవడం. పోగుచేసిన పద్ధతివల్ల ఈ అంకె మొత్తం ప్రపంచానికి వర్తించదు గానీ విషయం గమనించదగ్గదే, బట్ట తొలగించి చూడకపోతే షింగిల్స్ (అక్కి) పొక్కులు కనపడవు, అది చూడటానికి నైపుణ్యం కూడా అక్కర్లేదు.

పేషెంట్ ఒప్పుకున్నాడా

ఇప్పుడు లెనెక్ కాగితం గొట్టం దగ్గరకి. కొత్త డాక్టర్లు ఎవరో ఒకరి మీద మొదటిసారి చేయాల్సిందే, అది తప్పదు. కానీ ఆ ఒకరు ఎవరు, వాళ్ళకి తెలుసా అన్నది విడిగా అడగాల్సిన ప్రశ్న. టీచింగ్ హాస్పిటల్‌లో చేరితే ఒప్పుకున్నట్టే అని చాలాకాలం అనుకున్నారు. చేరేటప్పుడు పెట్టిన సంతకానికీ, ఈ స్టూడెంట్ ఇప్పుడు నా పొట్ట చూడొచ్చా అన్నదానికీ చాలా తేడా ఉంది, మధ్యలో ఆపమనే హక్కు ఉంటేనే అది ఒప్పుకోవడం. నొప్పి ఉన్న పొట్టని ఒకరు చూస్తే పరీక్ష, ఆరుగురు వరసగా నొక్కితే ఇంకేదో.

అన్నిటికంటే గొడవైంది మత్తులో ఉన్న పేషెంట్స్ మీద స్టూడెంట్స్ పెల్విక్ ఎగ్జామినేషన్ (యోని, గర్భాశయం పరీక్ష) నేర్చుకోవడం. కండరాలు వదులుగా ఉంటాయి, నొప్పి తెలీదు, నేర్చుకోడానికి సులువు అని సమర్థించినవాళ్ళున్నారు. కానీ ముందే చెప్పకుండా చేస్తే ఆ మనిషి లేచాక ఎప్పటికీ తెలియదు, తెలిస్తే నమ్మకం పోతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు దీనిమీద చట్టాలు చేశాయి, 2024 ఏప్రిల్‌లో అక్కడి కేంద్ర ఆరోగ్య శాఖ ఇలాంటి సున్నితమైన పరీక్షలకి ముందుగా స్పష్టమైన అనుమతి తీసుకోవాల్సిందేనని హాస్పిటల్స్‌కి తేల్చి చెప్పింది. అడిగితే ఎవరూ ఒప్పుకోరు, ట్రైనింగ్ ఆగిపోతుంది అన్న భయం ఎప్పుడూ వినపడేదే, అడిగే తీరు బాగుంటే ఒప్పుకునేవాళ్ళు బాగానే ఉంటారని ఈ పని చేసే టీచర్లు చెప్తారు.

దీనికి ఇంకో దారి 1970ల్లో అయోవా యూనివర్సిటీలో క్రెట్స్‌మర్ అనే గైనకాలజిస్ట్ పెంచిన పద్ధతి. కొంతమంది మహిళలకి శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి, తమ ఒంటి మీదే పెల్విక్ పరీక్ష ఎలా చేయాలో స్టూడెంట్స్‌కి వాళ్ళే నేర్పించేలా చేశారు. పడుకున్న మనిషే టీచర్ అన్నమాట. స్పెక్యులమ్ (లోపల చూడటానికి పెట్టే పరికరం) ఏ కోణంలో పెట్టాలో, ఇప్పుడు నీ వేళ్ళు గర్భాశయం మీద ఉన్నాయా లేదా అన్నదీ ఆమే చెప్తుంది. మత్తులో ఉన్న ఒళ్ళు గానీ, సిలికాన్ బొమ్మ గానీ చెప్పలేనివి ఇంకా కొన్ని చెప్తుంది: అలా మొహమాటంగా నవ్వకు, ఏం చేయబోతున్నావో ముందు చెప్పి చెయ్యి, చేతులు చల్లగా ఉన్నాయి, కాస్త రుద్దుకుని రా.